గాలి చూసి ఎంచుకున్న బీచ్‌లు: మా మొదటి కరీబియన్ క్రూయిజ్

ఆదివారం, మయామీ

క్రూయిజ్ టికెట్ కొనడం సులువే. ఓడ ఆగిన ప్రతి చోటా దిగి ఏం చేయాలన్నది తేల్చుకోవడంలోనే ఉంది తలనొప్పంతా. మాది ఈస్టర్న్ కరీబియన్ రూటు: ప్యూర్టో రికోలోని శాన్ హువాన్, అమెరికా వర్జిన్ దీవుల్లోని సెయింట్ థామస్, సెయింట్ మార్టెన్, చివర్లో బహమాస్‌లో క్రూయిజ్ కంపెనీ సొంత దీవి. ఒక్కో రేవుకీ కంపెనీ యాప్‌లో పదుల కొద్దీ టూర్లు. ఏ ఫోటో చూసినా అవే నీలి నీళ్ళు, అదే తెల్లటి ఇసుక, ఓ పక్కకి వంగిన అదే కొబ్బరిచెట్టు. వాటిని చూసి ఒక బీచ్‌కీ ఇంకో బీచ్‌కీ తేడా కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

మేం వెళ్ళింది నేనూ మా ఆవిడా, పన్నెండేళ్ళ అమ్మాయి, ఏడేళ్ళ అబ్బాయి, బాపట్ల నుంచి వచ్చిన అమ్మా నాన్నా. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఈత రాదు. నాన్న హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. యాప్ తెరిచి చూపిస్తే ఆయన ఫోటోల జోలికే పోలేదు. "ఈ బీచ్ దీవికి ఏ వైపుందిరా?" అనడిగారు. దానికి జవాబు ఆ యాప్‌లో ఎక్కడా లేదు. మ్యాపులు తీసి చూడాల్సి వచ్చింది.

బుక్ చేసే ముందే నేను సరిచూసుకున్నది వీసా సంగతి. శాన్ హువాన్, సెయింట్ థామస్ అమెరికావే అయినా, సెయింట్ మార్టెన్‌లో ఆగితే దేశం దాటినట్టే. తిరిగి అమెరికాలో అడుగుపెట్టాలంటే విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకి అది మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి. దీవుల నిబంధనలు మారుతుంటాయి కాబట్టి, ఇండియన్ పాస్‌పోర్టులున్నవాళ్ళు టికెట్ డబ్బులు కట్టకముందే కంపెనీని అడిగి తెలుసుకోవడం మేలు.

ఓడ ఎక్కగానే సేఫ్టీ డ్రిల్. లైఫ్‌బోట్ల వైపు కాసేపు తేరిపార చూసి, "ఇంతమందిమీ అందులో పడతామా?" అంది అమ్మ. పడతామని అక్కడున్న సిబ్బందితో చెప్పించాక గానీ భోజనానికి కదల్లేదు.

సోమవారం, సముద్రం మీద

రోజంతా నీళ్ళే. పొద్దున్నే టూర్లు అమ్మే కౌంటర్ ముందు పెద్ద క్యూ. మాకు అక్కడ పని లేదు. కావాల్సిన టూరు ఇంట్లో ఉండగానే కొనేశాం, ఓడెక్కాక కొంటే చాలాసార్లు రేటు ఎక్కువ. పైగా మంచివి ముందే నిండిపోతాయి.

నాన్న టిఫిన్ దగ్గర పేపర్ నాప్‌కిన్ మీద ఒక దీవి బొమ్మ గీసి, దానికి కుడివైపు నుంచి బాణాలు వేశారు. మనవరాలికి పాఠం. వ్యాపార పవనాలు ఈ ప్రాంతంలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఈశాన్యం, తూర్పు దిక్కుల నుంచే వీస్తాయి. అందుకని దీవి తూర్పు తీరాన గాలీ అలలూ ఎక్కువ. పడమటి వైపుకి కొండలు అడ్డం కాబట్టి అక్కడ నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి. సర్గాసం అనే గోధుమరంగు నాచు కూడా అట్లాంటిక్ మీదుగా కొట్టుకొచ్చి ముందు తూర్పు తీరాలకే చేరుతుంది. మార్చి నుంచి అక్టోబరు దాకా దాని బెడద ఎక్కువ. అది గుట్టలుగా పడి కుళ్ళితే ఆ వాసనకి బీచ్‌లో నిలబడలేం. మేం వెళ్ళింది జనవరిలో కాబట్టి నాచు భయం పెద్దగా లేదు. కానీ చలికాలంలో ఇంకో సంగతి ఉంది. ఎక్కడో ఉత్తర అట్లాంటిక్‌లో తుఫాను రేగితే, దాని అలలు రెండు మూడు రోజులకి ఇక్కడి ఉత్తర తీరాలకి వచ్చి కొడతాయి. ఆకాశంలో మబ్బు తునకైనా లేకపోయినా నీళ్ళలోకి దిగవద్దని ఎర్రజెండా కడతారు.

ఇదంతా తెలిశాక ఎంపిక తేలికైంది. నాన్న గాలి దిక్కు చూశారు. అమ్మకి కావాల్సినవి వేరు: కూర్చోడానికి నీడ, దగ్గర్లో శుభ్రమైన బాత్రూమ్, ఎక్కువ నడక లేకపోవడం. నేను చూసుకున్నది దూరం ఒక్కటే. టాక్సీ ఎక్కి అరగంటలోపు చేరే బీచ్‌కి ఓడవాళ్ళ టూరు కొనడం నా దృష్టిలో దండగ. మధ్యలో ఫెర్రీ మారాల్సి వచ్చినా, గంటకి మించి ప్రయాణం ఉన్నా మాత్రం కళ్ళు మూసుకుని ఓడవాళ్ళ దగ్గరే కొంటాను. వాళ్ళ టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదంటే తర్వాతి రేవుకి చేర్చే బాధ్యత వాళ్ళది. సొంతంగా వెళ్ళి ఆలస్యమైతే ఓడ వెళ్ళిపోతుంది. విమానం టికెట్ కొనుక్కుని మనమే వెంటపడాలి.

మధ్యాహ్నం గాలికి ఓడ కొంచెం ఊగింది. మా ఆవిడ వికారం మాత్ర వేసుకుని పడుకుంది. గదులు బుక్ చేసేటప్పుడు ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో తీసుకుంటే ఊపు తక్కువ. అక్కడ బాల్కనీలు దొరకడం కష్టమే, కానీ వికారంతో పడుకున్నవాళ్ళకి బాల్కనీ ఉంటే ఎంత, లేకపోతే ఎంత.

మంగళవారం, శాన్ హువాన్

ఓడ మధ్యాహ్నం రేవుకి చేరింది. ఇక్కడ అందరూ ఎగబడే టూరు ఎల్ యుంకే అడవి. అమెరికా నేషనల్ ఫారెస్టుల్లో ఉష్ణమండల వర్షారణ్యం అదొక్కటే. కానీ పోనూ రానూ దాదాపు రెండు గంటలు, అక్కడ దిగాక జారే మెట్లు, నడక. మధ్యాహ్నం దిగి అంత దూరం వెళ్తే చివరికి బస్సు అద్దంలోంచే అడవిని చూసి రావాలి. పొద్దున్నే ఆగే ఓడైతే వెళ్ళచ్చు.

మేం టూరేదీ కొనలేదు. ఓడ ఆగేది పాత ఊరి అంచునే. పైన కొండ మీద రెండు కోటలు: ఎల్ మోరో, శాన్ క్రిస్టోబల్. మనిషికి 10 డాలర్ల టికెట్ ఒకటి కొంటే రెండూ చూడచ్చు, పిల్లలకి టికెట్ లేదు. సాయంత్రం తొందరగా మూసేస్తారు కాబట్టి ఓడ దిగగానే ముందు అక్కడికే వెళ్ళాలి, షాపులూ తిండీ తర్వాత. అమ్మ కోసం ఎల్ మోరో దాకా టాక్సీలో వెళ్ళి, దిగుడు దారిలో నడుచుకుంటూ వచ్చాం. నడక ఎప్పుడూ కొండ మీంచి కిందికే ఉండేలా చూసుకుంటే మోకాళ్ళ నొప్పులవాళ్ళు కూడా ఈ ఊరు హాయిగా చూస్తారు.

ఎల్ మోరో కట్టడం 1539లో మొదలైంది. ఇంత పెద్ద కోట ఈ మూలనే ఎందుకు కట్టారన్నది నాన్న ప్రశ్న. కోటలో పనిచేసే రేంజర్ చెప్పిన జవాబు వినగానే ఆయన ముఖం వెలిగిపోయింది. యూరప్ నుంచి తెరచాపల ఓడలు వ్యాపార పవనాల మీద వస్తే, తాగడానికి నీళ్ళూ నిలవడానికి మంచి రేవూ దొరికే పెద్ద దీవుల్లో ముందుగా తగిలేది ప్యూర్టో రికో. దీన్ని పట్టుకున్నవాడిదే వెనకున్న స్పెయిన్‌వాళ్ళ సంపదంతా. అందుకే అందరి కన్నూ దీని మీదే. 1595లో ఇంగ్లీషువాడు డ్రేక్ సముద్రం వైపు నుంచి దాడి చేసి ఓడిపోయాడు. మూడేళ్ళకి కంబర్లాండ్ ప్రభువు నేల మీద నుంచి వచ్చి కోట పట్టుకున్నాడు. 1625లో డచ్చివాళ్ళు ఊరికి నిప్పు పెట్టారు. నేల వైపు కాపలాకే తర్వాత శాన్ క్రిస్టోబల్ కట్టారు. కొత్త ప్రపంచంలో స్పెయిన్‌వాళ్ళు కట్టిన కోటల్లో అన్నిటికన్నా పెద్దది అదే.

ఎల్ మోరో ముందున్న పచ్చిక మైదానంలో జనం గాలిపటాలు ఎగరేస్తుంటారు. అబ్బాయికి ఒకటి కొనిస్తే ఇక కోట గోల వాడికి లేదు. అమ్మ ఓ గట్టు మీద కూర్చుని రంగు షర్బత్ పోసిన ఐస్ పొడి తింది. పిరాగ్వా అంటారు ఇక్కడ. శాకాహారులకో మాట: అరటికాయతో చేసే మొఫొంగో పేరు చూసి ఆశపడకండి. చాలాచోట్ల అందులో పంది చర్మం వేపుడు కలుపుతారు. అరటికాయ ముక్కల్ని నొక్కి వేయించిన తోస్తోనెస్ అడిగి తెప్పించుకున్నాం.

బుధవారం, సెయింట్ థామస్

ఈ ఒక్క రోజు మేం విడిపోయాం. మా ఆవిడా అమ్మాయీ స్నార్కెలింగ్ (ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ళ కింద చూస్తూ ఈదడం) కోసం పక్కనున్న సెయింట్ జాన్ దీవిలోని ట్రంక్ బేకి. నేనూ, అబ్బాయీ, అమ్మా నాన్నా ఇక్కడే మాగెన్స్ బేకి.

ట్రంక్ బేకి సొంతంగా వెళ్ళాలంటే రేవు నుంచి దీవి తూర్పు కొసన ఉన్న రెడ్ హుక్‌కి టాక్సీ, అక్కడి నుంచి క్రూజ్ బేకి ఇరవై నిమిషాల ఫెర్రీ, మళ్ళీ ఇంకో టాక్సీ. ఒక్కటి తప్పినా రోజంతా టెన్షన్. అందుకే అక్కడికి ఓడవాళ్ళ టూరే. వాళ్ళది నేరుగా పడవ. టూరు మొత్తం ఐదు గంటలని రాసి ఉంది కానీ బీచ్‌లో దొరికింది రెండు గంటలే, మిగతాదంతా ప్రయాణం. టూరు వివరాలు చదివేటప్పుడు మొత్తం గంటలు కాదు, అక్కడ నిలిచే గంటలు చూడాలి. ఆ బీచ్ 1956లో ఏర్పడిన వర్జిన్ ఐలాండ్స్ నేషనల్ పార్కులోది. నీళ్ళ కింద 225 గజాల దారి ఉంది, అడుగున పలకల మీద పగడాల గురించీ చేపల గురించీ రాసి పెట్టారు. ఉత్తర తీరం కావడంతో అలలు కొంచెం ఉన్నాయట. అయినా అమ్మాయి పలకలన్నీ చదివే వచ్చింది. చేపల కన్నా పలకల గురించే ఎక్కువ చెప్పింది, తాతకి తగిన మనవరాలు.

మా నలుగురికీ టాక్సీ చాలు. ఇక్కడ టాక్సీ అంటే చాలావరకు లారీ వెనక బల్లలు వేసి పైకప్పు కట్టిన బండి. అద్దె బండికి కాదు, తలకింత. అందుకే మన షేర్ ఆటోలాగా నిండేదాకా కదలదు. ఎక్కే ముందే తలకి ఎంతో అడగండి, తిరుగు ప్రయాణానికి బళ్ళు ఎక్కడ దొరుకుతాయో కూడా. డ్రైవరు ఎడమ పక్కనే పోతుంటే నాన్నకి భలే ఆనందం. అమెరికా జెండా ఎగిరేచోట్ల బండి ఎడమవైపు నడిచేది ఈ వర్జిన్ దీవుల్లోనే. స్టీరింగ్ మాత్రం అమెరికా పద్ధతిలో ఎడమకే ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, ఈ దీవులు ఎక్కడ జర్మనీ చేతికి పోతాయోనని 1917లో అమెరికా రెండున్నర కోట్ల డాలర్ల బంగారం ఇచ్చి డెన్మార్క్ దగ్గర కొనేసింది. నడిపే పక్క మాత్రం మారలేదు.

మాగెన్స్ బే కూడా ఉత్తరం వైపుదే. మరి నాన్న ఎలా ఒప్పుకున్నారంటే, మ్యాపులో దాని ఆకారం చూసి. సముద్రం రెండు కొండల మధ్య నుంచి లోపలికి చాలా దూరం చొచ్చుకొచ్చి గుర్రపు నాడాలా ఆగుతుంది, నోరు వాయవ్యానికి. గాలి కొండల మీంచి పోతుంది, బయటి అలల జోరు లోపలికి వచ్చేసరికి చచ్చిపోతుంది. మైలు పొడవు ఇసుక. ఆర్థర్ ఫెయిర్‌చైల్డ్ అనే ఆయన 1946లో ఈ భూమిని ప్రజలకి రాసిచ్చేశాడు, అందుకే ఒడ్డున పెద్ద హోటళ్ళు లేవు. లోపలికి వెళ్ళడానికి చిన్న ఫీజు ఉంది. దానికి తగ్గట్టు లైఫ్‌గార్డులు, స్నానాల గదులు, బాత్రూములు, కావాల్సినంత చెట్ల నీడ. అమ్మ అడిగినవన్నీ ఉన్నాయి.

బాపట్లకి తొమ్మిది కిలోమీటర్లలో సూర్యలంక ఉన్నా, అమ్మ ఏనాడూ మోకాలు దాటి నీళ్ళలోకి దిగింది లేదు. అక్కడ అల కాలికింది ఇసుకని లాగేస్తుంది. ఇక్కడ నా చెయ్యి పట్టుకుని నడుము లోతుకి వచ్చి, అక్కడే అరగంట నిలబడింది. "ఒడ్డుకి వెళ్దామా?" అంటే, "ఉండరా, ఇప్పుడేం తొందర?" అని కసిరింది.

సన్‌స్క్రీన్ సంగతి మర్చిపోకండి. పగడాలకి హాని చేస్తాయని ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న క్రీములని ఈ దీవుల్లో 2020 నుంచి నిషేధించారు. జింక్ ఆక్సైడ్‌ది ఇంటి దగ్గరే కొనుక్కోవాలి, ఇక్కడ ధరలు మండిపోతాయి. ఇంకొకటి, ఆ రోజు రేవులో ఎన్ని ఓడలుంటాయో ముందే నెట్‌లో చూసుకోవచ్చు. నాలుగైదు ఓడలుంటే పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికి బయటపడాలి. మేం బయల్దేరేసరికి గేటు దగ్గర బళ్ళు బారులు తీరాయి.

మధ్యాహ్నం షార్లట్ అమాలీ మెయిన్ స్ట్రీట్. ఒకప్పటి డేనిష్ గోదాములన్నీ ఇప్పుడు నగల దుకాణాలు, వాటిలో చాలా సింధీలవి. అమ్మ చీర చూడగానే ఒకాయన హిందీలో పిలిచి కుర్చీ వేశాడు. అమ్మకి హిందీ రాదు. అయినా కాసేపటికి ఒక జత రాళ్ళ దిద్దుల ధర సగానికి దిగింది, అప్పుడు లేచి వచ్చేసింది. కొనే ఉద్దేశం లేదట. ఓడలో 'మేం సిఫార్సు చేసే షాపులు' అని మ్యాపు పంచుతారు. ఆ జాబితాలో ఉండటానికి షాపులవాళ్ళు డబ్బు కడతారని గుర్తుంచుకుని చదువుకోండి.

గురువారం, సెయింట్ మార్టెన్

దీవి మొత్తం 87 చదరపు కిలోమీటర్లు, అందులో రెండు దేశాలు. 1648 ఒప్పందం ప్రకారం ఉత్తరం ఫ్రెంచివాళ్ళకి, దక్షిణం డచ్చివాళ్ళకి. సరిహద్దు దగ్గర ఒక స్తంభం తప్ప గేటూ లేదు, పోలీసూ లేడు.

ఫ్రెంచి వైపు ఓరియెంట్ బే చాలా అందమైనదని ప్రతివాళ్ళూ రాస్తారు. అబద్ధం కాదు. కానీ తూర్పు తీరం, గాలికి ఎదురు. నాన్న అక్కడే కొట్టేశారు. ఇంకాస్త చదివిన మా ఆవిడ, దాని దక్షిణపు కొసన బట్టలు లేకుండా తిరిగేవాళ్ళు ఉంటారని బయటపెట్టింది. ఆ ముక్క అమ్మకి చెప్పలేదు. గాలి ఎక్కువట అన్నాం, అది నిజమే కదా.

ఇక్కడ ఒక వ్యాన్ మాట్లాడుకున్నాం. ఆరుగురికి తలా ఒక టూరు కొనే డబ్బుతో పోలిస్తే చాలా తక్కువ, ఆగాలన్నచోట ఆగుతుంది కూడా. పడమటి కొసన మాహో బీచ్ అబ్బాయి కోరిక. ప్రిన్సెస్ జూలియానా విమానాశ్రయం రన్‌వే ఆ ఇసుకకి ఆనుకునే మొదలవుతుంది. 2,300 మీటర్ల రన్‌వే చాలాలంటే విమానాలు బీచ్ మీదుగా బాగా కిందికి దిగాలి. డచ్చి విమాన కంపెనీ కేఎల్ఎమ్ వాళ్ళ భారీ 747 రావడం 2016లో ఆగిపోయింది కానీ, యూరప్ నుంచి పెద్ద విమానాలు ఇంకా వస్తున్నాయి. ఏ విమానం ఎన్నింటికి వస్తుందో పక్కనున్న బార్‌వాళ్ళు సర్ఫ్ బోర్డు మీద రాసి పెడతారు.

దిగే విమానం కన్నా ఎగిరేదే ప్రమాదం. రన్‌వే చివర కంచె పట్టుకుని నిలబడితే ఇంజిన్ గాలికి మనిషి ఎగిరి పడతాడు. 2017లో అలాగే ఒకావిడ ప్రాణం పోయింది. హెచ్చరిక బోర్డులు పెట్టినా కంచె పట్టుకునే కుర్రకారు తగ్గలేదు. మేం బాగా పక్కకి, బార్ వైపు నిలబడ్డాం. అయినా ఒక పెద్ద విమానం ఎగిరేటప్పుడు విసిరిన గాలికి నాన్న టోపీ సముద్రంలో పడింది. అమ్మ రెండు చెవులూ మూసుకుని, కళ్ళు మాత్రం బాగా తెరుచుకుని చూసింది. స్నానానికి మాహో పనికిరాదు, ఇసుక తక్కువ, జనం ఎక్కువ. ఓ గంట చూసి పక్కనే ఉన్న మల్లెట్ బేకి వెళ్ళాం. అక్కడ సీ గ్రేప్ చెట్ల నీడలో చాప పరిస్తే పిల్లలు సాయంత్రం దాకా నీళ్ళు వదల్లేదు.

రేవు అరగంట దూరమే. కానీ సింప్సన్ బే దగ్గర పడవల కోసం వంతెన ఎత్తితే ట్రాఫిక్ ఎంతసేపు ఆగుతుందో చెప్పలేం. ఓడ ఎక్కాల్సిన సమయానికి గంటన్నర ముందే వ్యాన్ ఎక్కాం. ఆ సమయం ఓడ గడియారంలోది, ఫోన్‌లోది కాదు. చలికాలంలో ఈ దీవులు మయామీకి గంట ముందుంటాయి. మా ఓడ మయామీ సమయమే ఉంచింది, ఫోన్లు మాత్రం దిగగానే మారిపోయాయి. దాంతో రోజూ అందరం నాన్న చేతి గడియారాన్నే నమ్ముకున్నాం.

శుక్రవారం, సముద్రం మీద

నిద్ర, పేకాట, వంటవాళ్ళని ముందురోజే అడిగి చేయించుకున్న పప్పూ అన్నం. కూర ఒకరోజు నార్త్ ఇండియన్, ఒకరోజు ఏమిటో తెలియదు.

శనివారం, బహమాస్

కంపెనీ సొంత దీవిలో టూర్లతో పనే లేదు. కుర్చీలు ఎక్కువచోట్ల ఉచితం, భోజనం టికెట్‌లోనే. డబ్బు అడిగేది కబానాలకీ (ఒడ్డున అద్దెకిచ్చే నీడ పందిళ్ళు), జెట్ స్కీలకీ. కబానా అద్దె వందల్లో ఉంటుంది. చెట్టు నీడ దొరికితే అది అనవసరం. ఓడ దూరంగా లంగరు వేసింది, ఒడ్డుకి చిన్న పడవల్లో తీసుకెళ్ళారు. గాలి ఎక్కువైతే ఈ పడవలే ఆపేస్తారు, దీవి రద్దవుతుంది. అందుకే క్రూయిజ్‌లో నిజంగా కావాలనుకున్న బీచ్‌ని ఇలాంటి చివరి రోజుకి దాచుకోకూడదు. మాకు దిగడం కుదిరింది కానీ, ఉత్తరం నుంచి చలిగాలి, నీళ్ళు వణికించాయి. జనవరిలో బహమాస్ అంతే.

మధ్యాహ్నం నాన్న కుర్చీలో వాలి లెక్క తేల్చారు. శాన్ హువాన్ కోట చూసేది అట్లాంటిక్ వైపు. ట్రంక్ బే, మాగెన్స్ బే ఉత్తర తీరాలే. బహమాస్ పూర్తిగా అట్లాంటిక్. "కరీబియన్ సముద్రంలో మనం మునిగింది ఒక్క గురువారమేరా" అన్నారు.

ఆదివారం, మయామీ

పాస్‌పోర్టుల తనిఖీలో అమ్మానాన్నలకి వేరే లైను, అరగంట ఎక్కువ పట్టింది. విమానం మధ్యాహ్నానికి బుక్ చేసుకోవడం మంచిదైంది. లైన్ దాటగానే అమ్మ బాపట్లలో పిన్నికి ఫోన్ చేసింది. కోటల గురించి ఒక ముక్క లేదు, నీలి నీళ్ళ గురించి అర ముక్క. మిగతాదంతా నెత్తి మీంచి పోయిన విమానం, ఎగిరిపోయిన టోపీ. నాన్న ఫోన్ అందుకుని, ఆ గాలి వేరు, అసలు గాలి వేరంటూ వ్యాపార పవనాల దగ్గరికి వచ్చేసరికి, "బావగారూ, పొయ్యి మీద పాలున్నాయి" అని పిన్ని పెట్టేసింది.